తవ్వి చూడనిదే పేరు చెప్పరాదు: అడవి పుట్టగొడుగుల గుర్తింపులో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

తొలకరి జల్లులు కురిసి, నాలుగు రోజులు ఉక్కపోసి, మళ్లీ ఒక వాన పడిందంటే కృషి విజ్ఞాన కేంద్రాల్లోను, ఏరువాక కేంద్రాల్లోను పనిచేసే శాస్త్రవేత్తల సెల్‌ఫోన్లకు ఒకే రకమైన ఛాయాచిత్రాలు రావడం మొదలవుతుంది. అరచేతిలో ఒక తెల్లని పుట్టగొడుగు, పైనుండి తీసిన చిత్రం, దాని కింద ఒకే ప్రశ్న: "సార్, ఇది తినవచ్చా?"

ఈ ప్రశ్నకు సాధారణంగా మూడు రకాల సమాధానాలు వెళతాయి. కొందరు "అడవిలో దొరికేవి ఏవీ తినవద్దు" అని ఒక్క మాటతో ముగిస్తారు. కొందరు చిత్రాన్ని పెద్దది చేసి చూసి, "పుట్టగొడుగులాగే ఉంది, ఫరవాలేదు" అంటారు. మరికొందరు ఏమీ చెప్పకుండా ఊరుకుంటారు. ఈ మూడింటిలో ఏదీ శాస్త్రీయమైన సమాధానం కాదు. మొదటిదాన్ని అడిగినవారు పాటించరు. రెండవది ప్రాణాంతకం కావచ్చు. మూడవది విస్తరణ వ్యవస్థ తన పనిని వదులుకోవడమే. ఛాయాచిత్రానికి సరైన సమాధానం ఒక్కటే: "చిత్రాన్ని బట్టి చెప్పలేము. వేరు దాకా తవ్వి, చెక్కుచెదరకుండా తీసుకురండి. అంతవరకు వండవద్దు." ఈ సమాధానం చెప్పగలగాలంటే, తెచ్చిన నమూనాను పరీక్షించే నేర్పు కూడా ఆ కేంద్రంలో ఉండాలి. ఆ నేర్పును వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తమ బాధ్యతగా స్వీకరించవలసిన సమయం వచ్చింది.

పేరులోనే ఉన్న వర్గీకరణ

తెలుగు భాష ఈ విషయంలో ఒకప్పుడు ఎంతో స్పష్టంగా ఉండేది. పుట్టగొడుగు అంటే పుట్ట మీద మొలిచిన గొడుగు. చెదల పుట్టతో సంబంధం ఉన్న ఒక ప్రత్యేకమైన శిలీంధ్రానికి ఆ పేరు సరిగ్గా అతుకుతుంది. ఉత్తరాంధ్ర మన్యంలో వినిపించే పుట్టకొక్కు అనే మాటలోనూ పుట్టే ముందుంది. చాలాచోట్ల తినకూడనివాటిని కుక్కగొడుగులని వేరుచేసి చెప్పేవారు. అంటే ఏది ఎక్కడ మొలిచింది, ఏది తినదగినది అనే రెండు ప్రశ్నలకూ సమాధానం పేరులోనే ఇమిడి ఉండేది.

వాణిజ్య సాగు వచ్చిన తరువాత ఈ తేడా చెరిగిపోయింది. వరిగడ్డిపై పెంచేదీ పుట్టగొడుగే, ముత్యపు చిప్ప ఆకారంలో ఉండేదీ పుట్టగొడుగే, బటన్ రకమూ పుట్టగొడుగే. పుట్టతో ఏ సంబంధమూ లేని శిలీంధ్రాలన్నింటికీ వ్యవసాయ సాహిత్యమే ఆ పేరు పెట్టింది. ఇందులో తప్పు పట్టవలసినది లేదు, భాష అలాగే విస్తరిస్తుంది. అయితే పేరు విస్తరించిన కొద్దీ అందులోని హెచ్చరిక పలుచబడింది. పట్టణానికి దగ్గరలో పెరిగిన యువకునికి గొడుగు ఆకారంలో తెల్లగా కనిపించినదల్లా పుట్టగొడుగే.

శాస్త్ర పరిభాషలో పుట్ట మీద మొలిచే ఈ ప్రజాతి పేరు టెర్మిటోమైసిస్. ఫ్రెంచి శిలీంధ్ర శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఈ ప్రజాతిని ఏర్పరచారు. ఆఫ్రికా, ఆసియా ఖండాల్లో చెదలతో సహజీవనం చేసే జాతులు ఇందులో ఉన్నాయి. చెదలు ఎండిన ఆకులు, పుల్లలు, గడ్డి తిని, ఆ మలంతో పుట్ట లోపల తేనెపట్టు వంటి గూళ్లు కడతాయి. వాటిపై ఈ శిలీంధ్రం పెరిగి, చెదలు తమంతట తాము జీర్ణించుకోలేని లిగ్నిన్ వంటి పదార్థాలను విడగొడుతుంది. గూటి మీద ఏర్పడే తెల్లని చిన్న ఉండలు చెదలకు ఆహారమవుతాయి. వర్షాలు మొదలైనప్పుడు ఆ గూటి నుండి ఒక మొగ్గ బయలుదేరి, నేలను చీల్చుకొని పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. ఈ సంబంధం సుమారు 3 కోట్ల సంవత్సరాల క్రితం ఆఫ్రికాలో మొదలైనదని జన్యు ఆధారాలు సూచిస్తున్నాయి. మనిషి వ్యవసాయం నేర్చి పది, పన్నెండు వేల సంవత్సరాలే అయింది.

చిత్రంలో కనిపించనివి

టెర్మిటోమైసిస్‌ను గుర్తించడానికి కావలసిన ముఖ్యమైన లక్షణాలు పైనుండి తీసిన చిత్రంలో కనిపించవు. మొదటిది, కాడ కింద భూమిలోకి వేరులా సాగిన భాగం. చెదల గూడు ఎంత లోతున ఉంటే ఇది అంత పొడవుంటుంది. జాగ్రత్తగా తవ్వితే జానెడు, మూరెడు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ లోతుకు వెళ్లి గూటి వద్ద ముగుస్తుంది. చేత్తో పట్టి లాగితే మధ్యలో తెగిపోతుంది. తెగిపోయిన నమూనాలో అతి ముఖ్యమైన ఆధారం నేలలోనే మిగిలిపోయినట్లు.

రెండవది, టోపీ నడిమిభాగంలో గట్టిగా, కొనదేలి ఉండే ముచ్చిక. గట్టి నేలను చీల్చుకొని రావడానికి ఇది ఉపయోగపడుతుంది. మూడవది, టోపీ అడుగున ఉండే మొప్పలు కాడను తాకకుండా విడిగా ఉండటం. నాలుగవది, సిద్ధబీజాల రంగు లేత గులాబీ కావడం. ఐదవది, కాడ మొదట్లో సంచి వంటి తొడుగు, అంటే వోల్వా లేకపోవడం.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. గులాబీ రంగు సిద్ధబీజాలు ఎంటొలోమా ప్రజాతిలోనూ ఉంటాయి, వాటిలో విషపూరితమైనవి ఉన్నాయి. కాని వాటి మొప్పలు కాడకు అతికి ఉంటాయి. టెర్మిటోమైసిస్‌లోనే టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అనే చిన్న జాతికి పొడవైన వేరు భాగం ఉండదు. చెదలు బయటికి తెచ్చి పడవేసిన గూటి ముక్కలపై, రూపాయి బిళ్లంత టోపీలతో వందల సంఖ్యలో ఒకేసారి మొలుస్తుంది. కాడపై వలయం ఉండటం, లేకపోవడం కూడా ఖచ్చితమైన గీటురాయి కాదు. 1979లో కె. నటరాజన్ దక్షిణ భారతదేశం నుండి వర్ణించిన టెర్మిటోమైసిస్ హైమీ జాతికి కాడపై స్పష్టమైన వలయం ఉంటుంది. అందువల్ల "వలయం ఉంటే విషం" అని కొందరు చెప్పే సూత్రం పుట్టగొడుగుల విషయంలోనే తప్పిపోతుంది. "వలయం లేకుంటే మంచిది" అనే సూత్రం అంతకంటే ప్రమాదకరం.

పోలికలో మోసపోయే రెండు సందర్భాలు

విస్తరణ శాస్త్రవేత్త ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషపు శిలీంధ్రం క్లోరోఫిల్లమ్ మొలిబ్డైటిస్. ఉష్ణ మండలమంతటా వానల తరువాత పచ్చిక బయళ్లలో, పశువులు మేసే బీళ్లలో, తోటల్లో, పాఠశాలల ఆవరణల్లో గుంపులుగాను, వలయాకారంలోను మొలుస్తుంది. తెల్లని పెద్ద టోపీ, దానిపై గోధుమ రంగు పొలుసులు, కాడపై పైకి కిందికి జరిగే వలయం దీని రూపం. చూపరులను ఆకర్షించే అందం, చేతినిండా దొరికే బరువు దీనికి ఉన్నాయి. తిన్న 1 నుండి 3 గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. సాధారణంగా మరణాలు అరుదే అయినా, చిన్నపిల్లల్లోను, వృద్ధుల్లోను నీరు, లవణాలు కోల్పోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

దీని సిద్ధబీజాలు ఆకుపచ్చగా ఉంటాయి. టోపీ ముదిరిన తరువాత మొప్పలకూ పాచి వంటి ఆకుపచ్చ రంగు వస్తుంది. చిక్కు ఏమిటంటే లేతగా ఉన్నప్పుడు, అంటే వంటకు బాగుంటుందని ప్రజలు కోసే దశలో, మొప్పలు తెల్లగానే ఉంటాయి. అప్పుడు తీసిన ఛాయాచిత్రంలో నిర్ణయించగల రంగు ఏదీ కనిపించదు. ఒక్క రాత్రి కాగితం మీద బోర్లించి ఉంచితే చాలావరకు తేలిపోయే విషయం ఇది.

రెండవ సందర్భం అమానిటా ప్రజాతి. ఇందులో తినదగినవీ ఉన్నాయి, ప్రపంచంలో పుట్టగొడుగుల విషంతో జరిగే మరణాల్లో అధిక భాగానికి కారణమైనవీ ఉన్నాయి. అమానిటా ఫాల్లోయిడిస్ వంటి జాతుల్లో ఉండే అమాటాక్సిన్లు కణాల్లోని ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్-2 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. ప్రోటీన్ల తయారీ ఆగిపోయి కాలేయ కణాలు చనిపోతాయి. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా ఈ విషం విరగదు.

ఈ విషం నడిచే తీరు మరింత మోసకారి. తిన్న 6 గంటల వరకు, చాలాసార్లు 12 గంటల వరకు, ఏ లక్షణమూ కనిపించదు. తరువాత వాంతులు, నీళ్ల విరేచనాలు వస్తాయి. రెండవ రోజుకు తగ్గినట్లు కనిపిస్తుంది. కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది, కొందరు ఆసుపత్రి నుండి ఇంటికి కూడా వస్తారు. మూడవ రోజు నుండి కాలేయం విఫలమవడం బయటపడుతుంది. కాబట్టి "నిన్న తిన్నాం, ఏమీ కాలేదు" అనే మాటకు శాస్త్రంలో విలువ లేదు. తిన్న ఆరు గంటల తరువాత మొదలైన వాంతులను సాధారణ అజీర్ణంగా ఎవరూ తీసుకోరాదు.

అమానిటాకు గుర్తులు కాడ మొదట్లో సంచి వంటి వోల్వా, కాడపై వలయం, తెల్లని సిద్ధబీజాలు. టోపీపై ఉండే మచ్చలు వానకు కడిగిపోవచ్చు, వలయం రాలిపోవచ్చు. వోల్వా మాత్రం నేలలో ఉంటుంది. పీకి తెచ్చినప్పుడు అదే నేలలో ఉండిపోతుంది. పుట్టగొడుగుకు వేరు భాగం ఎక్కడ ఉంటుందో, అమానిటాకు వోల్వా అక్కడే ఉంటుంది. మేలైనదాన్ని నిర్ధారించే సాక్ష్యమూ, ప్రాణాంతకమైనదాన్ని పట్టించే సాక్ష్యమూ రెండూ మట్టిలోనే ఉన్నాయి. తవ్వి చూడనిదే పేరు చెప్పరాదన్న నియమానికి ఇదే ఆధారం.

ఒక అడవి గుర్తు మరో అడవిలో చెల్లదు

2022 ఏప్రిల్‌లో అస్సాం ఎగువ జిల్లాల్లో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు. బాధితుల్లో తేయాకు తోటల కార్మిక కుటుంబాలవారు ఎక్కువ. అదే తోటలకు 19వ శతాబ్దంలో ఛోటా నాగపూర్, ఒడిశా ప్రాంతాల నుండి, ఉత్తరాంధ్ర నుండి కూడా కూలీలను తరలించారు. ఆ తోటల్లో ఈనాటికీ తెలుగు మూలాలున్న కుటుంబాలు ఉన్నాయి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2016 డిసెంబరులో అమానిటా ఫాల్లోయిడిస్ వల్ల 14 మంది విషప్రభావానికి గురయ్యారు, వారిలో ముగ్గురికి కాలేయ మార్పిడి చేయవలసి వచ్చింది. ఐరోపాకు చెందిన ఈ శిలీంధ్రం చెట్ల వేర్లతో పాటు అక్కడికి చేరి, ఓక్ చెట్ల కింద స్థిరపడింది. ఆగ్నేయాసియా నుండి వెళ్లి అక్కడ స్థిరపడినవారు దీన్ని తమ స్వదేశపు వరిగడ్డి పుట్టగొడుగుగా పొరబడిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. పొరపాటు అర్థం చేసుకోదగినదే. రెండూ లేత దశలో గుడ్డు ఆకారంలో ఉంటాయి, రెండింటికీ వోల్వా ఉంటుంది. వరిగడ్డి పుట్టగొడుగుకు సిద్ధబీజాలు గులాబీ రంగు, కాడపై వలయం ఉండదు. అమానిటా సిద్ధబీజాలు తెలుపు, వలయం ఉంటుంది. గుడ్డు దశలో ఈ తేడాలేవీ బయటికి కనిపించవు. కాలిఫోర్నియాలో నివసించే తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు, వరిగడ్డి పుట్టగొడుగు వారికీ తెలిసినదే.

ఈ ఉదాహరణలు ఒక సత్యాన్ని చెబుతాయి. సంప్రదాయ జ్ఞానం నిజమైనదే, కాని అది స్థలానికి కట్టుబడి ఉంటుంది. మన్యంలోని ఒక పెద్దమ్మకు ఏ పుట్ట మీద, ఏ కార్తెలో, ఎన్ని వానల తరువాత ఏది మొలుస్తుందో తెలుసు. ఆమె రంగును ఒక్కదాన్నే చూడదు. చోటు, కాలం, వాసన, విరిచినప్పుడు కనిపించే పీచు, పక్కనున్న చెట్టు, తవ్వినప్పుడు తగిలే చెదల గూడు అన్నీ కలిపి చూస్తుంది. ఏ శిలీంధ్ర శాస్త్రవేత్త అయినా చేసేది అదే. కాని ఆమె మనుమడు హైదరాబాదు శివారులో కట్టడాల పనికి వచ్చి, పచ్చిక బయలులో తెల్లని గొడుగు చూసినప్పుడు, ఆమె జ్ఞానంలో అతనికి గుర్తున్నది ఆకారం మాత్రమే. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

నమ్మకాలు, యంత్రాలు

ఈ ఖాళీని పూరించడానికి రెండు రకాల అడ్డదారులు ప్రచారంలో ఉన్నాయి. మొదటివి పాత నమ్మకాలు: వెండి వస్తువు నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం, పురుగు తొలిచినదైతే మంచిది, టోపీ తోలు ఊడి వస్తే మంచిది, చింతపండుతో ఉడికిస్తే విషం విరుగుతుంది. వీటిలో ఒక్కటీ నిలవదు. అమాటాక్సిన్లకు వెండిని నల్లబరిచే గుణం లేదు. మనిషిని చంపే అమానిటాను నత్తలు నిరపాయంగా తింటాయి. దాని టోపీ తోలు సులువుగానే ఊడుతుంది.

రెండవవి కొత్త నమ్మకాలు: సెల్‌ఫోనులో చిత్రం చూపితే పేరు చెప్పే యాప్‌లు. ఆస్ట్రేలియాలో 78 నమూనాలతో మూడు యాప్‌లను పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, మిగతావాటికంటే మెరుగైనది సరిగా గుర్తించినవి 49 శాతం మాత్రమే, మిగిలిన రెండూ 35 శాతం వద్ద నిలిచాయి. చిత్రాల్లో లేని సమాచారాన్ని ఏ యంత్రమూ సృష్టించలేదు. నేలలో మిగిలిపోయిన వోల్వాను శాస్త్రవేత్త కన్ను చూడలేనట్లే యంత్రమూ చూడలేదు. యాప్ ఇచ్చే పేరు వెతకడానికి ఒక ఆరంభం కావచ్చు, వండటానికి అనుమతి కాజాలదు. వెండి నాణెం స్థానంలో యాప్‌ను ఉంచితే పద్ధతి మారినట్లు కాదు.

నిషేధం ఎందుకు చాలదు

"అన్నీ నిషేధిస్తే గొడవే లేదు కదా" అనే వాదనకు బలం లేకపోలేదు. శాస్త్రవేత్తకు అది సురక్షితం, పొరపాటు జరిగితే బాధ్యత ఉండదు. కాని తరతరాలుగా వానాకాలపు ఆహారంలోను, సంతలో వచ్చే నాలుగు రూపాయల్లోను పుట్టగొడుగులకు చోటున్న గ్రామంలో ఈ మాట ఎవరూ వినరు. వినకపోవడం ఒక్కటే నష్టం కాదు. తాము ఏటా తినేదాన్ని విషమని చెప్పిన శాస్త్రవేత్త మాటను, ఆ గ్రామం పురుగుమందుల జాగ్రత్తల విషయంలోనూ నమ్మదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలుసుకొనే పద్ధతి చూపినవారికే విశ్వాసం దక్కుతుంది.

నిషేధపు మాటలో మరో లోపం ఉంది. అది పరిశోధన తలుపును కూడా మూసివేస్తుంది. నేడు తెలుగు రాష్ట్రాల్లో వేసవి పంటగా పెంచుతున్న పాల పుట్టగొడుగు ఒకప్పుడు అడవి శిలీంధ్రమే. పశ్చిమ బెంగాల్‌లో దొరికిన దాన్ని గమనించి, వర్ణించి, 1974లో కాలోసైబ్ ఇండికా అని పేరు పెట్టారు. తరువాతి కాలంలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దాని సాగు పద్ధతిని రూపొందించి, 1998లో రకాన్ని విడుదల చేసింది. గుర్తింపు లేకుండా ఆ పంట లేదు. టెర్మిటోమైసిస్ కూడా కాలోసైబ్ కుటుంబానికే చెందినది. దాన్ని చెదలు లేకుండా పెంచే వాణిజ్య పద్ధతి ఇంకా కుదరలేదు. ఏ జాతి ఎక్కడ ఉందో నమోదు కాకుండానే పుట్టలు పోతే, ఆ ప్రయత్నానికి కావలసిన మూలధనమే కరిగిపోతుంది.

పుట్టల విషయంలో సస్య శాస్త్రజ్ఞులు చెప్పవలసిన మాట కూడా ఉంది. వేరుశనగ, చెరకు, మొక్కజొన్నల్లో చెదలు చేసే నష్టం నిజం. పొలంలో నియంత్రణ తప్పదు. అయితే పంటకు దూరంగా గట్టు మీద, బీడులో, అడవి అంచున ఉన్న పుట్టను కూడా కనిపించిన వెంటనే మందు పోసి చంపమని చెప్పడం సమగ్ర యాజమాన్యం కాదు. మందు పోసిన పుట్ట మీద మొలిచినవి తినరాదని చెప్పడమూ అంతే అవసరం. జాతి సరిగ్గా గుర్తించినా, మొలిచిన నేల తెలియకుంటే గుర్తింపు సగమే పూర్తయినట్లు.

చేయవలసిన పనులు

విశ్వవిద్యాలయాలు చేపట్టవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలో సిద్ధబీజ ముద్ర తీసే అలవాటు. సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితంపై కాడ కోసిన టోపీని మొప్పలు కిందికి ఉండేలా బోర్లించి, గాజు గిన్నె మూసి ఒక రాత్రి ఉంచితే చాలు. తెల్లని ముద్ర నల్లని సగంపై, ముదురు ముద్ర తెల్లని సగంపై కనిపిస్తుంది. ముద్ర ఇవ్వని లేత మొగ్గకు పేరు చెప్పరాదు. గుడ్డు దశలో ఉన్నదాన్ని నిలువుగా కోసి చూడాలి. లోపల టోపీ, మొప్పల ఆకారం కనిపిస్తే అది వరిగడ్డి పుట్టగొడుగూ కావచ్చు, అమానిటా కూడా కావచ్చు. ఆ దశలో అనుమానం విషం వైపే ఉండాలి. విషపు శిలీంధ్రాన్ని చేత్తో తాకినంత మాత్రాన అపాయం లేదు, కాబట్టి నమూనా స్వీకరించడానికి భయపడనవసరం లేదు.

రెండవది, నమూనాల భాండాగారం. ప్రతి నమూనాను తాజాగా ఉన్నప్పుడు చిత్రీకరించి, కొలిచి, తక్కువ వేడిలో ఎండబెట్టి, చోటు, తేదీ, పక్కనున్న చెట్టు, పుట్ట ఉన్నదీ లేనిదీ రాసిన చీటీతో భద్రపరచాలి. సూక్ష్మదర్శినికి అందని తేడాలను ఐ.టి.ఎస్. జన్యు ఖండం ద్వారా తేల్చవచ్చు. శిలీంధ్రాల గుర్తింపుకు దీన్ని ప్రామాణిక సంకేతంగా 2012లో ప్రతిపాదించారు. అయితే భద్రపరచిన నమూనా లేని జన్యు క్రమం ఆధారం లేని పేరుగానే మిగులుతుంది.

మూడవది, విద్యార్థుల శిక్షణ. వ్యవసాయ పట్టభద్రులకు పుట్టగొడుగుల పెంపకం నేర్పుతున్నారు. విత్తనం తయారీ, గడ్డి శుద్ధి, గది తేమ వారికి తెలుసు. అడవిలో మొలిచినదాన్ని ఎలా తవ్వాలో తెలియదు. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో ఖరీఫ్ కాలాన గ్రామాల్లో ఉండే విద్యార్థులు, పెద్దల వెంట ఒక్క ఉదయం నడిచి, వారు పిలిచే పేర్లు, చూసే గుర్తులు, వదిలివేసేవాటికి చెప్పే కారణాలు రాసుకుంటే, రెండేళ్లలో ప్రతి మండలానికి ఒక నమోదు పత్రం సిద్ధమవుతుంది. ఆ జ్ఞానం ఎవరిదో వారి పేరుతోనే, గ్రామ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చేరాలి. విద్యార్థి వ్యాసంలో "స్థానికులు" అనే ఒక్క మాటగా అది కుదించుకుపోరాదు.

నాలుగవది, వైద్య సిబ్బందితో సమన్వయం. వానాకాలం ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందితో ఒక పూట సమావేశం చాలు. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు లక్షణాలు మొదలయ్యాయి, ఇంకా ఎవరు తిన్నారు, మిగిలిన ముక్క ఉందా అనే నాలుగు ప్రశ్నలు అందరికీ అలవాటు కావాలి. చెత్తకుండీలో పడవేసిన తొక్కు కూడా గుర్తింపుకు పనికివస్తుంది. ఆలస్యంగా మొదలైన లక్షణాలు ఉన్నవారిని, రెండవ రోజు తేరుకున్నట్లు కనిపించినా, కాలేయ పరీక్షలు జరిగే ఆసుపత్రిలోనే ఉంచాలి.

ఇప్పటికే పనిభారంతో ఉన్న శాస్త్రవేత్తపై మరో బరువు ఎందుకనే అభ్యంతరం సహజం. ఆ బరువు ఇప్పటికే ఉంది. ప్రతి వానాకాలం సెల్‌ఫోనులోకి వస్తూనే ఉంది. నేడు ఆ ప్రశ్నలకు తోచిన సమాధానం వెళుతోంది, రేపు పద్ధతి ప్రకారం వెళ్లాలన్నదే కోరిక. జాతి పేరు తేలనప్పుడు "తేలలేదు, తినవద్దు" అని రాతపూర్వకంగా చెప్పడం కూడా ఆ పద్ధతిలో భాగమే. అది అసమర్థత కాదు. శిలీంధ్రాల విషయంలో సందేహమున్న నమూనాకు సందేహమే సరైన ఫలితం.

రైతు అడిగే ప్రశ్న చిన్నది. దాని వెనుక ఆ పూట కుటుంబమంతా కూర్చొని తినే కూర ఉంటుంది. సమాధానం చెప్పే శాస్త్రవేత్త ఆ కుటుంబంతో పాటు విస్తరి ముందు కూర్చోడు. అందుకే చిత్రం చూసి పేరు చెప్పే తొందర అతనికి తగదు. చెదల గూడు దాకా తవ్విన గుంత, కాగితం మీద పడిన లేత గులాబీ ముద్ర, చీటీపై రాసిన పుట్ట ఉన్న చోటు కలిసినప్పుడే పేరు చెప్పే అర్హత వస్తుంది. ఈ వానాకాలం వచ్చే మొదటి ఛాయాచిత్రానికి వెళ్లే సమాధానంతోనే ఆ అలవాటు మొదలుకావచ్చు.